మలివయసులో విడతల వ్యాయామం

మా సీమ పల్లెలలో ఒకప్పుడు జొన్నలను పాతరలలో దాచేవారు. నీరు నిలవని మెట్టచోటు చూసి లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూరా గడ్డి పరచి, ధాన్యం నింపి, పైన మన్ను కప్పేవారు. వానలు బాగా కురిసిన యేడు పాతర సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. వరుసగా రెండేళ్ళు వాన మొగం చాటేస్తే మాత్రం, ఎవరి ఇంట పొయ్యి వెలగాలో, ఎవరు ఊరు విడిచి వలసపోవాలో పాతరే తేల్చేది.

మానవదేహంలోనూ అటువంటి నిల్వ ఒకటి ఉంది. ఆ నిల్వను గురించి, అరవై దాటినవారు దానిని తమ ఇంటిలోనే పెంచుకొనే ఒక పద్ధతిని గురించి ఈ వ్యాసంలో మీకు వివరిస్తాను.

దేహంలోని నిల్వ

కదలకుండా కూర్చున్నపుడు మన దేహం ప్రతి కిలో బరువుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకొంటుంది. చదునైన నేలపై మెల్లగా నడిచేటపుడు దీనికి రెండు మూడింతలు అవసరం. మెట్లు ఎక్కడానికి, నీళ్ళ బిందె మోయడానికి అంతకంటె ఎక్కువ కావాలి. శక్తినంతా కూడదీసుకొని శ్రమించినపుడు ఒక మనిషి వాడుకోగల గరిష్ఠ పరిమాణమే ఆ మనిషి శ్రమసామర్థ్యం. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఇది 40 దరిదాపుల ఉంటుంది. నడివయసు నుండి పదేళ్ళకు సుమారు పది శాతం చొప్పున తరుగుతూ వస్తుంది. డెబ్బై దాటిన పిమ్మట ఈ తరుగుదల మరింత వేగం పుంజుకొంటుంది. ఇది పురుషులలో సుమారు 18 కంటె, స్త్రీలలో సుమారు 15 కంటె దిగజారితే, మరొకరి సాయం లేకుండా రోజు గడపడం కష్టమవుతుందని పరిశోధకుల అంచనా.

గరిష్ఠ సామర్థ్యానికీ నిత్యావసరానికీ నడుమనున్న తేడాయే మన నిల్వ. ఒంట్లో బాగున్న రోజులలో అది ఎంత ఉన్నదో మనకు తెలియదు. ఒక జ్వరం, ఒక శస్త్రచికిత్స, ఒక ఎముక విరుగుడు వచ్చినపుడు దాని అవసరం తెలిసివస్తుంది. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఆరోగ్యవంతులైన వయోధికులను పది రోజులు మంచంపైనే ఉంచి పరిశీలించారు. ఆ పది రోజులలోనే వారి కాళ్ళనుండి సుమారు ఒక కిలో కండ తరిగిపోయింది. వారికి ఏ రోగమూ లేదు. రోగం కూడా తోడైతే నష్టం ఇంకా ఎక్కువగా ఉంటుంది.

నడక చాలదా?

కర్నూలు, కడప పట్టణాలలో తెల్లవారుజామున మైదానాలన్నీ నడిచేవారితో నిండి ఉంటాయి. అది సంతోషించవలసిన విషయమే. నడక వలన రక్తపుపోటు, మధుమేహం అదుపులో ఉండడానికి సాయం లభిస్తుంది, నిద్ర పడుతుంది, నలుగురితో మాటామంతీ జరుగుతుంది. మీరు నడుస్తున్నట్లయితే దయచేసి మానకండి.

అయితే కబుర్లు చెప్పుకొంటూ నింపాదిగా సాగే నడక, ఉన్న సామర్థ్యంలో ఒక భాగాన్నే వాడుతుంది. దేహం పొదుపరి. అడగని పనికి అది ఏర్పాటు చేయదు. మన కండరాలలో నెమ్మదిగా పనిచేసే పోగులు, వేగంగా పనిచేసే పోగులు అని రెండు తెగలున్నాయి. వయసుతో ముందుగా చిక్కిపోయేవి వేగపు పోగులే. కాలు జారినపుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి, కుర్చీనుండి ఒక్క ఊపున లేవడానికి కావలసినవి కూడా అవే. మెల్లని నడక వాటిని దాదాపుగా పిలవదు.

మరి డెబ్బై ఏళ్ళ మనిషి అరగంటసేపు వేగంగా శ్రమించగలడా? చాలామందికి అది అలవికాదు. కాని ఒక్క నిమిషం శ్రమించి, మరొక నిమిషం తేరుకొని, మళ్ళీ ఒక్క నిమిషం శ్రమించడం అనేకులకు సాధ్యమే. ఇదే విడతల వ్యాయామం. ఆంగ్లంలో దీనిని ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటారు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మూడు స్వర్ణపతకాలు గెలిచిన ఎమిల్ జాటోపెక్ ఈ తీరు సాధనకు పేరుమోసిన పరుగువీరుడు. అయితే ఇది మనకు బొత్తిగా కొత్తది కాదు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవిలో నడిచి శ్రీశైలం చేరే భక్తులను చూడండి. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కే వృద్ధులను చూడండి. కొన్ని మెట్లు ఎక్కుతారు, నిలబడి ఆయాసం తీర్చుకొంటారు, గోవిందనామం పలికి మళ్ళీ ఎక్కుతారు. ఆగకుండా ఎక్కాలంటే వారిలో సగంమంది గాలిగోపురం కూడా చేరలేరు. విడతలుగా ఎక్కడం వలననే కొండ చేరుతున్నారు.

పరిశోధనలు చెప్పేది

జపానులోని మత్సుమోతో నగరంలో షిన్‌షు విశ్వవిద్యాలయానికి చెందిన హిరోషి నోసే బృందం ఈ పద్ధతిని వయోధికుల నడకకు అన్వయించింది. మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు మెల్లగా నడవాలి. ఇలా రోజుకు అయిదు పర్యాయాలు, వారానికి నాలుగు రోజులు లేక అంతకు మించి నడవాలి. 2007లో వెలువడిన వీరి పరిశోధనలో సగటున 63 ఏళ్ళ వయసున్న 246 మంది పాల్గొన్నారు. అయిదు నెలల తరువాత, విడతలుగా నడిచినవారిలో మోకాలిని చాచే కండరాల బలం 13 శాతం, మడిచే కండరాల బలం 17 శాతం పెరిగాయి. నడకలో గరిష్ఠ సామర్థ్యం 9 శాతం పెరిగింది. పై రక్తపుపోటు కూడా తగ్గింది. రోజుకు ఎనిమిది వేల అడుగులు ఒకే తీరు మధ్యస్థ వేగంతో నడిచినవారిలో ఇంతటి మార్పు కనబడలేదు.

నార్వేలోని ట్రోండ్‌హైమ్ నగరంలో 70 నుండి 77 ఏళ్ళ వయసుగల 1,567 మందిని అయిదేళ్ళపాటు పరిశీలించి, ఫలితాలను 2020లో ప్రకటించారు. కొందరు వారానికి రెండుసార్లు తీవ్రమైన విడతల వ్యాయామం, కొందరు మధ్యస్థ వ్యాయామం చేశారు. మిగిలినవారు ఆ దేశపు సాధారణ సలహాలను పాటించారు. విడతల వ్యాయామం చేసినవారిలో మరణాలు కొంత తక్కువగా కనిపించినా, గణాంకశాస్త్రం దృష్ట్యా ఆ తేడా నిశ్చితమైనది కాదు. కనుక ఈ వ్యాయామం ఆయుర్దాయాన్ని పెంచుతుందని నేను మీకు మాట ఇవ్వలేను. ఉన్నంతకాలం మన పనులు మనం చేసుకొనే శక్తిని పెంచుతుందని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ఇంటిలోనే ఎందుకు?

మార్చి చివరి నుండి జూన్ వరకు మన కర్నూలు, కడపలలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలు. వయసు మళ్ళినవారికి చెమట తక్కువగా పడుతుంది, దాహం ఆలస్యంగా తెలుస్తుంది. కనుక ఎండాకాలంలో బయటి వ్యాయామం చాలామందికి ఆగిపోతుంది. వానాకాలంలో బురద, వీధికుక్కలు, చీకటి. ఇలా ఏడాదిలో సగం రోజులు నడక సాగదు. ఇంటిలో చేసే వ్యాయామానికి ఈ అడ్డంకులు లేవు.

మరొక కారణం కూడా ఉంది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్ వెళ్ళినవారి సంఖ్య మీకు తెలుసు. కర్నూలు పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. ఇంటిలో మిగిలింది పెద్దవారు ఇద్దరు, కొన్ని ఇండ్లలో ఒక్కరే. కింద కూర్చున్న మనిషి తనంతట తాను లేవగలగడం అటువంటి ఇంటిలో చిన్న విషయం కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. కడపలో నాకు చాలా ఏళ్ళుగా తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. వయసు 76. మధుమేహం, రక్తపుపోటు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి సరేసరి. కొడుకు కువైట్‌లో, కూతురు బెంగళూరులో ఉంటారు. ఆమె ఒంటరిగా ఉండలేదని తలచి, ఇల్లు అద్దెకిచ్చి ఆమెను వృద్ధాశ్రమంలో చేర్పించే ఆలోచన చేశారు. తల్లిమీద ప్రేమ లేక కాదు, భయం వలన. ఆమె నాతో అన్న మాట ఇది: "నేను యాడికీ పోను సార్. బాత్రూముకు నా కాళ్ళమీద నేను పోయేటట్ల చేయండి, అంతే చాలు."

ఆమెకు ఇ.సి.జి., రక్తపరీక్షలు చేయించి, గుండె వైద్యుని అభిప్రాయం తీసుకొన్న పిమ్మటనే మొదలుపెట్టించాను. మొదటి రోజు కుర్చీ చేతులను ఊతగా పట్టుకొని, అరనిమిషంలో నాలుగుసార్లు మాత్రమే లేవగలిగారు. పక్కింటి కాలేజీ పిల్ల గడియారం చూసి లెక్కపెట్టేది. అయిదు నెలలకు ఊత లేకుండా తొమ్మిదిసార్లు లేచారు. నిరుటి వానాకాలంలో ఆమెకు న్యుమోనియా సోకి, ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. ఇంటికి చేరినపుడు లెక్క ఆరుకు పడిపోయింది. అయినా బాత్రూముకు తన కాళ్ళమీదనే వెళ్ళారు. రెండు నెలలలో మళ్ళీ తొమ్మిదికి చేరుకొన్నారు. మోకాళ్ళ నొప్పి మునుపటిలాగే ఉన్నదని ఇప్పటికీ అంటారు. ఇల్లు మాత్రం విడువలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకిప్పుడు 74 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం డెంగ్యూ జ్వరంతో పన్నెండు రోజులు మంచం పట్టాను. లేచిన తరువాత పీటమీద నుండి పైకి రావడానికి నా భార్య చేయి పట్టుకోవలసి వచ్చింది. ఆమెకూ డెబ్బై. నన్ను లేపబోయి ఆమె పడితే మా ఇద్దరినీ లేపేవారెవరు అన్న ప్రశ్న నన్ను చాలా రాత్రులు నిద్రపోనీయలేదు. వైద్యునిగా ఎంతోమందికి చెప్పిన మాటలను రోగిగా ఆచరించే అవకాశం అది. ఒంట్లో నీరసం తగ్గిన పిమ్మట విడతల వ్యాయామం ప్రారంభించాను. మొదట అరనిమిషంలో ఎనిమిదిసార్లు లేవగలిగాను. పదహారు వారాల తరువాత పద్నాలుగు. ఇప్పుడు మేమిద్దరమూ కలిసి చేస్తున్నాము. లెక్కపెట్టే పని ఆమెది. ఒక్కటి కూడా తగ్గించి లెక్కించనివ్వదు!

ముందుగా వైద్యుని కలవవలసినవారు

గుండెజబ్బు, పక్షవాతం, ఆయాసం, కాళ్ళ వాపు, నడిస్తే ఛాతీలో బిగువు, స్పృహ తప్పిన చరిత్ర ఉన్నవారు, దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారు, చాలాకాలంగా ఏ వ్యాయామమూ చేయనివారు వైద్యుని సలహా లేకుండా దీనిని మొదలుపెట్టరాదు. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె కవాటం బాగా కుంచించుకుపోయినవారు, మధుమేహం వలన కంటిపొరలో రక్తస్రావం జరిగినవారు, గిలక వ్యాధి ఉన్నవారు ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి. రక్తపుపోటు 180/110 లేక అంతకు మించి ఉన్న రోజున, జ్వరం ఉన్న రోజున వ్యాయామం వద్దు.

మందుల విషయంలో మూడు మాటలు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. కనుక అవి వాడేవారు నాడిని లెక్కించి శ్రమను అంచనా వేయరాదు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారు పరగడుపున చేయరాదు. చక్కెర 100 కంటె తక్కువగా ఉంటే కొంచెం ఏదైనా తిని మొదలుపెట్టాలి. ప్రొస్టేట్ కొరకు టామ్సులోసిన్, రక్తపుపోటుకు ప్రాజోసిన్ వాడేవారికి చటుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు. వీరు లేచిన ప్రతిసారీ ఒక క్షణం నిలదొక్కుకోవాలి.

చేసే పద్ధతి

కావలసినది చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, గోడ గడియారం ఒకటి. కుర్చీ వీపును గోడకు ఆనించండి. లేవడం కష్టమైనవారు మొదట చేతులున్న కుర్చీ వాడవచ్చు. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది కనుక వద్దు.

మొదట అయిదు నిమిషాలు వరండాలో గాని, హాలులో గాని మామూలుగా నడవండి. భుజాలు, మడమలు కదిలించండి. తరువాత శ్రమవిడత. మొదటి రెండు వారాలు అరనిమిషం శ్రమ, నిమిషంన్నర విశ్రాంతి. ఇలా నాలుగు విడతలు. తరువాతి రెండు వారాలు విడతలను ఆరుకు పెంచండి. అయిదవ వారం నుండి శ్రమను మెల్లమెల్లగా పెంచి ఒక నిమిషానికి తెచ్చి, విశ్రాంతిని కూడా ఒకటి రెండు నిమిషాలుగా ఉంచుకోండి. విశ్రాంతి అంటే కూలబడడం కాదు, మెల్లగా అటూ ఇటూ నడవడం. చివర అయిదు నిమిషాలు నెమ్మదిగా నడిచి ముగించండి. మొత్తం ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలలో పూర్తవుతుంది.

శ్రమవిడతలో చేయదగినవి నాలుగు. కుర్చీలో కూర్చుని లేవడం మొదటిది. కిటికీ ఊచ పట్టుకొని నిలబడిన చోటనే మోకాళ్ళు ఎత్తుతూ వడిగా అడుగులు వేయడం రెండవది. గోడకు రెండు చేతులూ ఆనించి వంగి, వెనుకకు తోయడం మూడవది. కమ్మీ పట్టుకొని మెట్లలో మొదటి మెట్టును మాత్రమే ఎక్కి దిగడం నాలుగవది. విడతకొకటి మార్చుకోవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కుర్చీమీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. ఊపిరి బిగబట్టకండి. లేచేటపుడు గాలి వదలండి.

ఎంత శ్రమ సరిపోతుంది? శ్రమవిడత చివర నాలుగైదు మాటలు పలికి ఊపిరి తీసుకోవలసి రావాలి. ఒక్క మాట కూడా పలకలేకపోతే అది ఎక్కువ. నిన్నటి సినిమా కథంతా చెప్పగలిగితే అది తక్కువ. ఈ మాటల పరీక్షకు యంత్రం అవసరం లేదు.

వారానికి మూడు రోజులు, నడుమ ఒక్కొక్క రోజు విడిచి చేయండి. మిగిలిన రోజులలో మామూలు నడక సాగించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం వయోధికులు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్ర శ్రమ గాని చేయాలి. 65 దాటినవారు కనీసం మూడు రోజులు నిలకడకు, బలానికి తోడ్పడే సాధనలు చేయాలి. ఎంత చిన్న విడత అయినా లెక్కలోకి వస్తుందని కూడా ఆ సూచనలు చెబుతున్నాయి.

ఛాతీలో నొప్పి, దవడకు గాని ఎడమచేతికి గాని పాకే బరువు, కళ్ళు తిరగడం, గుండె దడ, విశ్రాంతి తీసుకొన్నా తగ్గని ఆయాసం కలిగితే వెంటనే ఆపండి. కొద్ది నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. మరునాడు కాలి కండరాలలో పట్టినట్లుండే నొప్పి సహజం, రెండు రోజులలో పోతుంది. కీలు వాచితే మాత్రం వైద్యునికి చూపించండి.

మన ఇండ్లకు తగిన జాగ్రత్తలు

మన ఇండ్లలో నేల చాలావరకు కడప బండ లేక బేతంచెర్ల బండ. నునుపు పట్టిన బండ తడిసినపుడు జారుతుంది. ఇల్లు తుడిచిన వెంటనే వ్యాయామం చేయకండి. మేజోళ్ళతో అసలే వద్దు. అడుగు జారని చెప్పులు గాని, బూట్లు గాని వేసుకోండి. మధుమేహం వలన పాదాలకు స్పర్శ తగ్గినవారు మిద్దెమీద ఎండకు కాగిన బండపై వట్టికాళ్ళతో నడవరాదు. మంట తెలియకుండానే పాదం బొబ్బలెక్కుతుంది. గుడిలో మధ్యాహ్నపు ప్రదక్షిణలు చేసి అరికాళ్ళు కాలినవారికి నేను స్వయంగా చికిత్స చేశాను. వారిలో ఒకరి పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

ఎండాకాలంలో తెల్లవారి ఆరుగంటలకు ముందే ముగించండి. కాంక్రీటు కప్పు పగటి వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది కనుక సాయంత్రం ఇల్లు చల్లబడినట్లు అనిపించినా లోపల ఉక్కగానే ఉంటుంది. ముందు ఒక గ్లాసు, తరువాత ఒక గ్లాసు నీరు గాని, పలుచని మజ్జిగ గాని తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు వైద్యుడు చెప్పిన పరిమితిని పాటించండి. కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. రాగి సంగటితో పాటు పప్పు, గుడ్డు, పెరుగు, గుప్పెడు శెనక్కాయలు, మీకు ఏది అలవాటైతే అది, ప్రతి రోజూ తీసుకోండి.

ఈ రోజే చేయదగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. పైన చెప్పిన అనారోగ్యాలేవీ లేనివారు, ఇంటిలో ఒకరిని పక్కన నిలబెట్టుకొని, కుర్చీలో నిటారుగా కూర్చోండి. చేతులను ఛాతీమీద అడ్డంగా పెట్టుకొని, అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుండి 74 ఏళ్ళ పురుషులు పన్నెండుకు, స్త్రీలు పదికి తక్కువైతే పడిపోయే ప్రమాదం ఎక్కువని భావిస్తారు. వచ్చిన సంఖ్యను, నేటి తేదీని ఇంటి క్యాలెండరుమీద వ్రాసుకోండి. సంఖ్య చిన్నదైనా చిన్నబుచ్చుకోకండి. ఎనిమిది వారాల తరువాత అదే కుర్చీలో మళ్ళీ కూర్చొని లెక్కపెట్టి, రెండవ సంఖ్యను దాని పక్కన వ్రాయండి. పిల్లలు ఫోన్ చేసి "ఎలా ఉన్నావు?" అని అడిగినపుడు ఆ రెండు సంఖ్యలూ చెప్పండి.